చమ్కీ సిస్టర్

పోయిన నెల మా ఆడపడుచు పెళ్ళికి చీరలు తీసుకోవడానికి సూరత్‌లో రింగ్ రోడ్ మార్కెట్‌కు వెళ్ళాం. దుకాణదారు తెల్లటి పరుపు మీద ఒకదాని తర్వాత ఒకటి చీరలు విసిరి పరుస్తున్నాడు. ఎనిమిదో తొమ్మిదో చీర దగ్గర నా చేతికి చమ్కీ పొడి అంటింది. రుమాలుతో తుడిచాను. రుమాలుకు అంటింది కాని చెయ్యి వదల్లేదు. కాసేపటికి చూస్తే ఆడపడుచు ముక్కు మీద చమ్కీ, మేము తాగిన చాయ్ కప్పు మీద చమ్కీ, దుకాణదారు కళ్ళద్దాల మీద చమ్కీ. నాకు నవ్వు ఆగలేదు.

"ఏమైంది వదినా, చీర బాగలేదా?" అంది ఆడపడుచు.

"చీర బాగుంది. ఒకామె గుర్తొచ్చింది," అన్నాను.

ఉధ్నాకూ భేస్తాన్‌కూ మధ్య ఉన్న ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరినప్పుడు ఆమె అక్కడ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు. తలుపు మీద ఆ మాట రాసిన బోర్డు ఉండేది. తలుపు వెనక ఒక కుర్చీ, ఒక బీరువా, ఒక వాష్‌బేసిన్. ఆసుపత్రిలో చాలామందికి ఆమె పనేమిటో సరిగ్గా తెలీదు. ఆమె మందులివ్వదు, సూదులు వెయ్యదు, ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వార్డులు తిరుగుతూ అందరి చేతుల వంకా చూస్తుంది. ఎవరితో మాట్లాడినా ఆమె చూపు వాళ్ళ ముఖం మీద నిలిచేది కాదు, జారి చేతుల మీదికి వచ్చేది. నా ముఖం గుర్తుపెట్టుకోవడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. నా చేతుల్ని మాత్రం మొదటిరోజే గుర్తుపెట్టుకుంది.

పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, బిగించి కట్టిన ముడి. గడియారం మణికట్టుకు పెట్టుకోకుండా యూనిఫాం మీద పిన్నుతో గుచ్చుకునేది. గాజులు లేవు, ఉంగరం లేదు. ఆమెది సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన మగ్గాల కుటుంబం. కులపోళ్ళ ఫంక్షన్లలో ముసలమ్మలు ఆమె బోసి చేతులు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. "గాజులు ఇంట్ల ఉన్నయవ్వా. నేను డూటీ ఎక్కితే అవి సెలవు పెడ్తయి," అనేది ఆమె.

తలుపులు భుజంతో తోసేది. నీళ్ళ కొళాయి, లిఫ్ట్ బటన్, లైటు స్విచ్చు, అన్నీ మోచేత్తోనే. ఆ అలవాటు ఆసుపత్రి దాటినా ఆమెను వదల్లేదు. ఒక సాయంత్రం భేస్తాన్ కూరగాయల బజారులో ఆమెను చూశాను. వంకాయల గుట్టను మోచేత్తో చూపిస్తూ, "ఇవి కాదు భాయ్, ఆ కింద ఉన్నయి," అని హిందీలో చెబుతోంది. కూరగాయలాయన ఆమె చేతికి ఏదో జబ్బనుకుని జాలిగా ఇంకో రెండు వంకాయలు వేశాడు.

నేను భేస్తాన్‌లోనే పెరిగాను. మా నాన్న పవర్‌లూమ్ మీద పని, అమ్మ ఇంట్లో చీరలకు దారాలు కత్తిరించేది. నర్సింగ్ చదివి వార్డులో అడుగుపెట్టిన మొదటిరోజు నేను చాలా జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. అందుకని పొద్దున్నే గ్లౌజులు తొడుక్కుని తియ్యకుండా పని చేశాను. ఒక పెద్దాయన మూత్రం సంచీ మార్చాను. ఫోను మోగితే ఎత్తాను. సొరుగు తెరిచి టేపు తీశాను. నుదుటి మీద పడ్డ జుట్టు సర్దుకున్నాను. ఆమె నా వెనకే నడుస్తోందని నాకు తెలీదు.

"నీ పేరేంది బిడ్డా?" అని వెనకనుంచి తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఆసుపత్రిలో నాకు వినపడిన మొదటి తెలుగు మాట అది. పేరు చెప్పాను.

"ఈ గ్లౌజులు ఎవల కోసం ఏసుకున్నవ్?"

"నా కోసం సిస్టర్. నాకేమీ అంటకుండా."

"మంచిది. ఇవి పొద్దటి సంది ఎవలెవల్ని కలిసొచ్చినయో జర చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. మూత్రం సంచీ దాకా బాగానే చెప్పాను. ఫోను దగ్గర గొంతు తగ్గింది. సొరుగు దగ్గర ఆగిపోయాను. ఆమె నా జుట్టు వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"గ్లౌజు ఏసుకుంటే చెయ్యి శుభ్రమైనట్టు కాదు," అంది మెల్లగా. "గ్లౌజు మురికైతది. కానీ ఆ సంగతి లోపలున్న చేతికి తెల్వది. గదే పరేషాన్. ఒక పని, ఒక మనిషి, అయిపోయిందా, తీసెయ్. తీసినంక చెయ్యి కడుగు. ఇప్పుడు పోయి ఆ ఫోన్ తుడువు. డాక్టర్ సాబ్ దాన్ని చెవికి పెట్టుకునే లోపు తుడువు."

పరుగెత్తాను. డాక్టరు గారు అప్పటికే ఫోన్ మాట్లాడుతున్నారు. ఆమె దూరం నుంచి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. ముఖానికి చెయ్యి తగలనివ్వడం కూడా ఆమెకు ఇష్టముండదు.

చేతులు కడగడం నేర్పడానికి ఆమెకో పద్ధతి ఉండేది. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే ఎవరికీ గుర్తుండటం లేదని సూరత్ నుంచి వల్సాడ్ వైపు వెళ్ళే ప్యాసింజర్ రైలును వాడుకుంది. అరచేతులు రుద్దితే సూరత్. చేతుల వెనకవైపు ఉధ్నా. వేళ్ళ సందులు భేస్తాన్. వేళ్ళు మడిచి వెనకవైపు రుద్దితే సచిన్. బొటనవేళ్ళు మరోలి. గోళ్ళ కొనలు నవసారి. ప్రతి స్టేషన్‌లో రైలు నిలిచి జనం దిగేంతసేపు రుద్దాలి. గుజరాతీ అమ్మాయిలు, మరాఠీ వార్డుబాయిలు, ఒడియా ఆయాలు అందరూ రోజూ ఎక్కే రైలే కాబట్టి ఎవరికీ మరిచిపోయే పని లేదు. అయినా ఎందుకో అందరి రైలూ మరోలిలో ఆగకుండా వెళ్ళిపోయేది. ఆమె వాష్‌బేసిన్ పక్కన నిలబడి, "మరోలి ప్యాసింజర్లు ఏం పాపం చేసిన్రు?" అని అడిగేది. మళ్ళీ సబ్బు తీసుకుని బొటనవేళ్ళు రుద్దుకునేవాళ్ళం.

కొత్తవాళ్ళకు ఆమె చెప్పే పాఠం అరపేజీ కూడా ఉండదు. "క్రిమికి కాళ్ళు లెవ్వు, రెక్కలు లెవ్వు. దానికొక ఉండే ఇల్లుంటది, ఎక్కే ఆటో ఉంటది, దిగే ఇల్లుంటది. ఉండే ఇల్లు పుండు కావచ్చు, దగ్గు కావచ్చు, తడిగుడ్డ కావచ్చు. దిగే ఇల్లు ఆపరేషనైన మనిషి, పసిపిల్ల, ముసలోళ్ళు. ఈ రెండిండ్లను నువ్వు ప్రతిసారి మార్చలేవు. నడుమ ఆటో మాత్రం నీ చేతులే. ఆటో ఆపు. గంతే."

ఆమె మీద అందరికీ గౌరవం ఉందని చెప్పలేను. చిరాకు పడేవాళ్ళే ఎక్కువ. పని తొందరలో ఉన్నప్పుడు ఒక మనిషి వచ్చి మన బొటనవేళ్ళ గురించి అడిగితే ఎవరికైనా చిరాకే. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఆమె వస్తుంటే "చెక్‌పోస్టు వచ్చింది" అనేది. ఆమె విని, "చెక్‌పోస్టు కాడ బండి ఆపాల్నా వద్దా?" అనేది. అంతే, కోపం వచ్చేది కాదు.

నేను చేరిన ఏడాదికి మా సర్జికల్ వార్డులో ఒక ఇబ్బంది మొదలైంది. నెల తిరగకుండా ముగ్గురికి ఆపరేషన్ గాయాలు చీము పట్టాయి. ముగ్గురూ మగ్గాల మీద, బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళే, ఉన్ బస్తీ నుంచి ఒకరు, భేస్తాన్ నుంచి ఇద్దరు. మా పెద్ద సర్జన్ మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. కాని గాయాలు చూసి విసుక్కుని, "ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటారు, నీళ్ళు ఉండవు, ఇంటికి పోయి గాయం పాడుచేసుకుని వస్తారు. మనమేం చేస్తాం?" అన్నారు. ఆ మాట నాకు తగిలింది. నేను పెరిగింది అలాంటి గదిలోనే. కాని ఎదురు చెప్పే ధైర్యం లేదు.

ఆమె మాత్రం, "కావచ్చు సార్. ముందు మన ఇల్లు చూసుకుందాం," అంది హిందీలో.

తర్వాతి సోమవారం సెమినార్ గదిలో మీటింగ్ అని నోటీసు పెట్టింది. తినడానికి ఖమన్, తాగడానికి చాయ్ ఉంటాయని కింద రాయడం వల్ల డాక్టర్లతో సహా అందరూ వచ్చారు. తలుపు దగ్గర హాజరు రిజిస్టరు, దానికి దారంతో కట్టిన ఒకే ఒక పెన్ను. అందరం సంతకాలు పెట్టి లోపలికి వెళ్ళాం. ఖమన్ తిన్నాం, చాయ్ తాగాం, ఫోన్లు చూసుకున్నాం, ఒకరి భుజం ఒకరు తట్టి కబుర్లు చెప్పుకున్నాం. అరగంట గడిచినా ఆమె ఏమీ మాట్లాడదు. చివరికి పెద్ద సర్జన్, "సిస్టర్, మీటింగ్ ఎప్పుడు మొదలవుతుంది?" అన్నారు.

"అయిపోయింది సార్," అంది. లేచి అప్పటిదాకా మూసి ఉన్న కిటికీ తెరలు తీసింది. ఎండ లోపల పడింది.

గదంతా మెరిసింది. చాయ్ కప్పుల అంచులు మెరిశాయి. ఖమన్ పళ్ళెం మెరిసింది. ఇన్‌ఛార్జి సిస్టర్ పెదవి పక్కన, ఫార్మసీ ఆయన ఫోను మీద, నా చెవి వెనక మెరుపు. పెద్ద సర్జన్ మీసం మొత్తం పెళ్ళికొడుకు తలపాగాలా మెరుస్తోంది. ఆమె తమ్ముడికి చీరల మీద చమ్కీ అద్దే కార్ఖానా ఉంది. అక్కడి నుంచి చిటికెడు పొడి తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి, ఆ పెన్నుకు రాసింది. అంతే.

"ఒక్క పెన్ను," అంది. "మీరందరు దాన్ని ఒక్కొక్కసారే పట్టుకున్నరు. ఇది కనపడే మురికి. కనపడనిది ఏడేడికి పోయిందో మీరే సోచాయించుకోండి."

పెద్ద సర్జన్ తన ఫోను కెమెరాలో ముఖం చూసుకున్నారు. మీసం తడుముకున్నారు, వేలు కూడా మెరిసింది. ముందు ఆయనే నవ్వారు. తర్వాత గది మొత్తం నవ్వింది. వార్డుకు తిరిగి వెళ్ళేముందు ఒంటి మీద రవ్వ కూడా మిగలకుండా కడుక్కోవాలని ఆమె తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. రవ్వలు ఎక్కడ మిగిలాయో చూడాలి. అందరికీ బొటనవేళ్ళ దగ్గరే. సర్జన్ మూడుసార్లు కడుక్కుంటే గాని ఆమె దారి వదల్లేదు. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో ఆమె పేరు చమ్కీ సిస్టర్. పేరు పెట్టింది కూడా ఆయనే.

మూడు వారాలు అంతా బాగుంది. చేతులు కడగడంలో మాకు మేమే పోటీ పెట్టుకున్నాం. అప్పుడు రాజేశం వచ్చాడు.

రాజేశం భేస్తాన్‌లో మగ్గం నడిపేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నూలు చుట్టిన బరువైన బీములు ఎత్తీ ఎత్తీ హెర్నియా వచ్చింది. మా దగ్గర ఆపరేషన్ చేయించుకుని మూడోరోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఎనిమిదో రోజు భార్య భాగ్య భుజం పట్టుకుని తిరిగొచ్చాడు. గాయం విచ్చుకుంది. కట్టు మీద పచ్చటి మరక.

"మేం మంచిగనే చూసుకున్నం సిస్టర్," అంది భాగ్య నన్ను చూడగానే, నేనేమీ అడగకముందే. "రోజు ఇల్లు తుడిచిన. ఆయన బట్టలు ఉడుకబెట్టిన. పరుపు గూడ పారేసిన. పోరగాండ్లను దగ్గరికి రానియ్యలె. ఏం తప్పు చేసిన్నో తెలుస్తలేదు."

చమ్కీ సిస్టర్ గ్లౌజులు తొడుక్కుంది. తీసిన కట్టును వెలుతురులో పట్టుకుని చూసింది. మాస్కు జరపకుండానే కొంచెం వాసన చూసింది. "ద్రాక్షపండ్ల వాసన వస్తలేదా?" అంది నాతో. వచ్చింది. తియ్యటి, మగ్గిన వాసన. మొదటి ముగ్గురికీ గాయం నుంచి నమూనా తీయకుండానే మందులు మొదలుపెట్టారు. ఈసారి ఆమె దగ్గరుండి నమూనా తీయించి ల్యాబ్‌కు పంపింది. రిపోర్టు వచ్చిన రోజు కాగితం పట్టుకుని వార్డులోకి వచ్చి, "ఈ క్రిమికి తడి అంటే పానం. ఎండిన జాగల ఎక్కువ దినాలు బతకది. మన వార్డుల తడి ఏడేడ ఉందో చూపియ్ బిడ్డా," అంది.

ఇద్దరం తిరిగాం. వాష్‌బేసిన్ రంధ్రం, తుడుపుగుడ్డ బకెట్, కిటికీలో ఎవరో పెట్టిన పూలగ్లాసు. ప్రతిదాని దగ్గరా ఆగి నమూనా తీసుకుంది. చివరికి డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గరకొచ్చింది. ట్రాలీ మీద గాయాలు తుడిచే మందు కలిపిన పెద్ద సీసా ఉంటుంది.

"ఇది తడి కాదా?" అంది.

"అది క్రిములను చంపే మందు కదా సిస్టర్," అన్నాను. నాకు నిజంగానే నవ్వొచ్చింది.

"ఈ సీసా ఎప్పుడు కడిగిన్రు?"

ఆ సీసా ఎప్పుడూ ఖాళీ అవ్వదు. సగానికి రాగానే పైనుంచి మందు, నీళ్ళు పోసి నింపడం వార్డు అలవాటు. ఆ పని నాది. సీసా ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నానని ఇన్‌ఛార్జి నన్ను మెచ్చుకుంది కూడా. ఏడాదిగా పొద్దున్నే వచ్చి నేను మొదట చేసే పని అదే.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. రాజేశం గాయంలో ఉన్నదే సీసాలోనూ ఉంది. మందు పల్చబడి, అడుగున ఏనాటిదో మిగిలిపోయి, ఆ తడిలో అది హాయిగా కాపురం పెట్టింది. మేము చేతులు శుభ్రంగా కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, ఆ సీసాలోంచి మందు తీసి అందరి గాయాలూ తుడిచాం.

నేను ఆమె గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. "నేను చేసిన సిస్టర్," అన్నాను. ఆసుపత్రిలో తెలుగు మాట్లాడినా ఎప్పుడూ కాస్త పుస్తకాల తెలుగు మాట్లాడేదాన్ని. ఆ రోజు మా ఇంటి మాట వచ్చేసింది.

"నువ్వు పోసినవ్," అంది ఆమె. "నీకు గట్ల నేర్పిన్రు. నీకు నేర్పినోళ్ళకు గూడ గట్లనే నేర్పిన్రు. నేను మీ చేతులు చూసుకుంట తిరిగిన, సీసా చూడలె. అందరి తప్పు ఉన్నది. ఎవల తప్పు ఎంతనో తర్వాత చూద్దాం. ఇప్పుడు చేసేది ఏందో చెప్పు."

"సీసా పారేద్దాం."

"అది నేను పొద్దున్నే పారేసిన. ఇంకేంది?"

ఆమె నా చేతుల వైపు కాదు, ముఖం వైపు చూసింది. అలా చూపు నిలపడం అదే మొదటిసారి.

"ఆ భాగ్య ఇంట్లున్న పరుపు పారేసింది," అంది. "తన ఇల్లే గలీజని, తన చేతులే మంచిగ లెవ్వని అనుకుంటుంది. మనం చెప్పకపోతే ఆమె బతుకంత గదే అనుకుంటది."

మేనేజరుకు ఈ సంగతి తెలిసింది. రోగులతో ఏమీ మాట్లాడొద్దని, గాయం మానుతోంది కాబట్టి ఇక్కడితో వదిలేయమని కబురు పంపాడు. ఆమె కబురు తెచ్చిన మనిషికి మర్యాదగా మంచినీళ్ళిచ్చి పంపేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని అడిగింది.

"నేనే చెప్త," అన్నాను.

మధ్యాహ్నం సందర్శకుల వేళ. రాజేశం దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, భాగ్య బత్తాయి ఒలుస్తోంది. చమ్కీ సిస్టర్ నా పక్కన నిలబడింది. నేను చెప్పాను. సీసా గురించి, రోజూ నేనే నింపడం గురించి, రిపోర్టు గురించి. మీ ఇంట్లో ఏ తప్పూ లేదని చెప్పాను. మధ్యలో ఒకసారి ఆగిపోతే ఆమె అందుకోలేదు, ఎదురుచూసింది. మళ్ళీ నేనే పూర్తిచేశాను.

భాగ్య చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది. "పది దినాల సంది నన్ను నేను తిట్టుకుంటున్న," అంది. "మా అత్త గూడ నన్నే అన్నది. పోరగాండ్లు నాన్న కాడికి పోతమని ఏడిస్తే కొట్టిన. మీరు ఇంత నిమ్మలంగ వచ్చి సీసా అంటున్నరు." ఆమె గొంతు పెద్దదైంది. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "నిజమే చెల్లె. ఇంకా అనాల్నంటే అను," అంది చమ్కీ సిస్టర్. భాగ్య అంది. చాలాసేపే అంది. మేమిద్దరం నిలబడి విన్నాం.

చివరికి రాజేశం మాట్లాడాడు. "ఇగ ఊకోయే," అన్నాడు భార్యతో. మా వైపు తిరిగాడు. "మా కార్ఖానల గుడ్డ మీద మరక పడితే సేట్ మమ్మల్నే అంటడు. ఒక్కపాలి చూస్తే నూలు వచ్చుడే నూనె మరకతోని వచ్చింది. అది మా తప్పు కాదని మాకు ఎరుకే, సేటుకు ఎరుకే. అయినా ఏ ఒక్కడు వచ్చి మీది కాదని చెప్పలె. మీరొచ్చి చెప్పిన్రు," అన్నాడు. తర్వాత భాగ్య చేతిలోని బత్తాయి తొనలు తీసుకుని తినడం మొదలుపెట్టాడు.

భాగ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కట్టు మార్చడానికి వెళ్తే మంచానికి అడ్డంగా నిలబడి, "చేతులు కడుక్కున్నవా?" అంది.

"కడుక్కున్న అక్కా."

"నేను చూడలె. నా ముంగట కడుగు."

వెళ్ళి ఆమె ముందే కడుక్కున్నాను. మర్నాటికి భాగ్య పక్క మంచం దగ్గరున్న గుజరాతీ ముసలామెకు కూడా ఎలా అడగాలో నేర్పింది. వారం తిరిగేసరికి సర్జన్ రౌండుకు వస్తే ఏడు మంచాల నుంచి ఒకే ప్రశ్న. ఆయన వాష్‌బేసిన్ వైపు నడుస్తూ, "సిస్టర్, వీళ్ళందరికీ మీరు యూనిఫాం ఎప్పుడిస్తున్నారు?" అన్నారు. చమ్కీ సిస్టర్ ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉందంటే, క్యాంటీన్ తలుపు భుజంతో తోయబోయి అది ఇటువైపు తెరుచుకునే తలుపని మరిచిపోయి గుద్దుకుంది. "నేను ఇరవై ఏండ్లు అడిగినా ఇంత మంది కడగలె. ఆ పిల్ల వారంల కడిగించింది," అంది భుజం రుద్దుకుంటూ.

రాజేశం గాయం మానింది. కొన్ని నెలలు బీములు ఎత్తొద్దంటే సూపర్‌వైజరుతో మాట్లాడి తేలిక పనికి మారాడు. మొదటి ముగ్గురు రోగుల ఇళ్ళకు కూడా ఆమె ఆదివారాలు వెతుక్కుంటూ వెళ్ళి చెప్పివచ్చింది. మేనేజరు ఆమెకు మెమో ఇచ్చాడు. ఆమె దాన్ని శ్రద్ధగా చదివి, సంతకం పెట్టి, తన కాపీ వెనకవైపు తెల్లగా ఉందని చూసి, సీసాలు కడిగి ఎండబెట్టే తేదీల పట్టిక గీసింది. అది మా వార్డు గోడ మీద చాలాకాలం ఉంది. ఎండకు వెలిసిపోయి వెనకనున్న మెమో అక్షరాలు తిరగేసి కనపడేవి. పెద్ద సీసాలు పోయి చిన్నవి వచ్చాయి. ఒకరోజు కలిపింది ఆ రోజుతో సరి. నేను వెళ్ళిన ప్రతి వార్డులోనూ ఆ పట్టిక మళ్ళీ గీశాను.

ఆ తర్వాత రెండేళ్ళకు ఆమె రిటైరై ఉన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళింది. నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. పదకొండో రోజున, పురుడు వేడుకకు భేస్తాన్‌లో మా అమ్మవాళ్ళింట్లో ఉన్నాను. వచ్చినవాళ్ళంతా పాపను ఎత్తుకుని, బుగ్గలు పుణికి, చేతులు మారుస్తున్నారు. నర్సునై ఉండి కూడా నేను పెద్దవాళ్ళకు ఏమీ చెప్పలేకపోతున్నాను. అప్పుడు చమ్కీ సిస్టర్ వచ్చింది. మాస్కు పెట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయింది.

"లోపలికి రండి సిస్టర్," అన్నాను.

"పొద్దున మంచిగనే ఉండె. బస్సు ఎక్కినంక ముక్కు కారుడు మొదలైంది," అంది. "ఈడనే కూసుంట."

అమ్మ స్టూలు తెచ్చి వాకిట్లో వేసింది. ఆమె చెప్పుల పక్కన కూర్చుని అరగంట కబుర్లు చెప్పింది. లోపలికి రాలేదు, నీళ్ళ గ్లాసు కూడా ముట్టలేదు. అమ్మకు ఇది నచ్చలేదు. "గింత దూరం వచ్చి పిల్లను ఎత్తుకోకుండ పోతరా మేడం?" అంది.

పాప లేచి ఏడ్చింది. ఆమె చటుక్కున లేచి నిలబడింది. రెండు చేతులూ ముందుకొచ్చాయి. ఒక అడుగు వేసింది. గడప దగ్గర ఆగింది. చేతుల్ని వెనక్కి తీసుకుని నడుం మీద ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది. మాస్కు పైన కళ్ళు నిండాయి. వేగంగా రెప్పలాడించింది, తుడుచుకోలేదు.

అమ్మ ఒక క్షణం ఆమెను చూసింది. ఏమనుకుందో ఏమో, గదిలో పాపను ఎత్తుకుని ఉన్న పక్కింటామె చేతుల్లోంచి పాపను తీసుకుని, వచ్చి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, వెలుతురు ముఖం మీద పడేలా పట్టుకుని నిలబడింది. పాప ఏడుపు ఆపింది.

"మంచిగ చూడున్రి మేడం," అంది అమ్మ. "ఎంతసేపైనా చూడున్రి."

ఆమె చూసింది. మొదట పాప ముఖం, చాలాసేపు. చేతులు ఆ తర్వాతే.